చిలుక చావకుండా మంగళం పాడతారా?

ఆన్‌లైన్ ఆటలో కొత్త ప్రాంతం తెరుచుకుంటే పిల్లలు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు, పోట్లాడుతున్నారు, పాత కథే కావాలని పట్టుబడుతున్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నేల మీద తెల్లవార్లూ భాగవతం చూసిన తాతలూ అవ్వలూ చేసింది ఇదే. కథతో పేచీకి దిగే శ్రోత మనకు కొత్త కాదు. ఆ పేచీ విలువ తెలుసుకోవాల్సిన సమయం మాత్రం ఇదే.

మా అక్క వాళ్లది వనపర్తి. 2022లో దీపావళి వెళ్లిన వారానికి పొలం కాగితాల పని మీద వెళ్లి ఆ వారమంతా వాళ్లింట్లోనే ఉన్నాను. సోమవారం రాత్రి మంచినీళ్లకని లేస్తే వరండాలో మేనల్లుడు ఫోన్ ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వాడు ఇంటర్ రెండో సంవత్సరం.

“ఏంరా, ఇంకా పండుకోలేదా?”

“పన్నెండు గొట్టాలె మామా. నెట్టు మల్లొస్తది.”

వాడి సిమ్ములో రోజుకు జీబీన్నర డేటా. అర్ధరాత్రి దాటితే కొత్త రోజు లెక్క మొదలవుతుంది. వాడాడే ఆట పేరు గెన్షిన్ ఇంపాక్ట్. చైనాలోని షాంఘైలో పుట్టిన మిహోయో సంస్థ 2020 సెప్టెంబరు 28న విడుదల చేసింది. దాదాపు ఆరు వారాలకోసారి కథ ముందుకు కదులుతుంది, ఏడాదికోసారి కొత్త దేశం తెరుచుకుంటుంది. కొత్త భాగం బుధవారం పొద్దున మన టైములో ఎనిమిదిన్నరకు మొదలవుతుంది కానీ, సరుకంతా రెండు రోజుల ముందే దించుకోవచ్చు. ఒక్క రోజు డేటా దానికి సరిపోదు. అందుకని సోమవారం రాత్రి కొంత, మంగళవారం రాత్రి కొంత. ఫోన్లో చోటు చాలక వాళ్లమ్మ పెళ్లి వీడియోను చుట్టాలబ్బాయి ల్యాప్‌టాప్‌లో దాచి వచ్చాడట. ఆ సంగతి అక్కకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

పన్నెండైంది. వాడి ముఖంలో వెలుగు ఫోన్ వెలుగొక్కటే కాదు. మా ఊళ్లో భాగవతులు దిగిన నాడు చావడి ముందు గోనెసంచి పరిచి చోటు పట్టుకున్న పిల్లల ముఖాల్లో చూసిన వెలుగది.

తెర మీద ఇంగ్లిషు, నోట పాలమూరు తెలుగు

ఆ శనివారం రాత్రి అసలు సంగతి చూశాను. వాడు ఆడుతున్నాడు. ఏడో తరగతి చదివే చెల్లెలు పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆ ఆట ప్రపంచ భాషలు చాలావాటిలో దొరుకుతుంది కానీ భారతీయ భాష ఒక్కటీ లేదు. తెర మీద ఇంగ్లిషులో మాటలు నడుస్తుంటే వీడు చదివి, ఒక్క క్షణం ఆగి, చెల్లెలికి మన మాటల్లో చెబుతున్నాడు. దేవతకు ఒక గొంతు, పండితుడికి ఒక గొంతు, రాక్షసుడికి మరో గొంతు. ఎవరు నేర్పారో తెలియదు గానీ కథకుడి ఆరోహణ అవరోహణలన్నీ వాడి నోట పలుకుతున్నాయి.

అప్పుడు నడుస్తున్నది సుమేరు అనే దేశం కథ. ప్రపంచపు జ్ఞాపకాలన్నీ ఒక మహావృక్షంలో దాగి ఉంటాయి. ఆ చెట్టుకు విషం ఎక్కింది. చెట్టును కాచిన పాత దేవత రుక్ఖదేవత. విషపు చివరి జాడ ఆమె తాలూకు జ్ఞాపకంలోనే మిగిలింది. లోకం బతకాలంటే ఆమె ఒకప్పుడు ఉందన్న సంగతే అందరి తలల్లోంచి చెరిగిపోవాలి. ఆ పని చేయాల్సింది ఆమె తర్వాత వచ్చిన చిన్న దేవత, పసిపిల్ల రూపంలో ఉండే కుసనాలి. ఏడుస్తూనే చెరిపేస్తుంది. మరుక్షణం తానూ మరచిపోతుంది. ఎందుకు ఏడుస్తున్నదో ఆమెకే తెలియదు. గుర్తున్నది మరో లోకం నుంచి వచ్చిన బాటసారి ఒక్కడికే. అంటే ఆట ఆడుతున్నవాడికి.

చెల్లెలు దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. “ఎట్ల మరుస్తరన్నా? గంత మంచిగ జూసుకున్న తల్లిని అందరు మరుస్తరా? గట్లెట్ల రాస్తరు?”

“గది కథనే. ఆమెనే మరువమని అడిగింది.”

“అడిగితే మాత్రం?”

వాడి దగ్గర జవాబు లేదు. ఆటలోని సంచిలో పాత వస్తువు ఒకటి తెరిచి చూపించాడు. ఎన్నాళ్లుగానో రుక్ఖదేవత పేరు కనిపించిన చోట ఇప్పుడు కుసనాలి పేరుంది. ఆట తయారుచేసినవాళ్లు పాత రాతల్లో కూడా ఆ పేరు మార్చేశారు. పిల్ల నోరు తెరుచుకుని చూసింది. లేచి బడిసంచిలోంచి రఫ్ నోటుబుక్కు తెచ్చుకుంది. ఆ పుస్తకం సంగతి చివర చెబుతాను.

అవ్వ ఆపిన మంగళం

మా పూర్వీకులది నడిగడ్డ. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల వైపు నేల. నా చిన్నప్పుడు ఎండాకాలంలో పంటలు ఇంటికొచ్చాక భాగవతుల మేళం దిగేది. రెండు పెట్రోమాక్స్ లైట్లు, మద్దెల, తాళాలు, హార్మోనియం, నలుగురు పట్టుకునే తెర. అల్లీరాణి, సారంగధర, చెంచులక్ష్మి, బాలనాగమ్మ. మా ఊరివాళ్లకు ప్రాణం బాలనాగమ్మే.

తెలియని తెలుగువాడు ఉండడు. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వాడిని కొట్టినా చావడు, నరికినా చావడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై ఆ చిలుకను సాధించుకొస్తాడు. రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి విరుగుతుంది, మెడ నులిమితే ఫకీరు కూలుతాడు. నేటి ఆటల్లో ప్రతి అధ్యాయం చివరా ఒక పెద్ద శత్రువు ఉంటాడే, వాడి బలహీనత వెతకడమే ఆటగాడి పనిగా ఉంటుందే, ఆ లెక్కంతా ఈ చిలుకలో ఉంది.

ఒక ఏడు మేళంవాళ్లకు పక్క ఊళ్లో మర్నాడే ఆట ఒప్పందం ఉంది. అర్ధరాత్రి దాక హాస్యం సాగదీసి, కోడికూత వేళకు తొందరపడి, చిలుక ఘట్టం నాలుగు మాటల్లో చెప్పేసి మంగళం ఎత్తుకున్నారు. ముందు వరుసలో మా వీధి పెద్దవ్వ ఒకామె ఉండేది. పళ్లు లేవు, చూపు సగం. కట్టె పోటేసి లేచి నిలబడింది. “చిలుక సావకుండ మంగళమెట్ల పాడ్తరయ్యా? పిల్లగాడు సముద్రాలు దాటలే, చెట్టెక్కలే, పామును గొట్టలే. మా వడ్లు ఊకెనే తింటరా?” ఊరంతా ఆమె వెనక నిలబడింది. మేళం పెద్ద వంగి దండం పెట్టి, తుడిచిన రంగు మళ్లీ రుద్దుకున్నాడు. పొద్దు పొడిచింది, దీపాలు వెలవెలబోయాయి, పశువులు మేతకు పోతున్నాయి. ఆ ఎండలో బాలవర్ధిరాజు ఏడు సముద్రాలు దాటాడు. చిలుక మెడ విరిచాక అవ్వ కొంగుముడి విప్పి రెండు రూపాయలు చదివించింది.

ఆమె ఆ కథ అంతకుముందు ఎన్నిసార్లు చూసి ఉంటుందో! ఏం జరుగుతుందో అణువణువూ తెలుసు. అయినా పట్టుబట్టింది. కథ ఆమెది కాబట్టి. మేళంవాళ్లు ఆడేవాళ్లు మాత్రమే, దాని బాగోగులు అడిగే హక్కు ఊరిది. వనపర్తి వరండాలో ఏడో తరగతి పిల్ల గొంతులో వినిపించింది ఆ హక్కే.

కథకు కొత్త గది కట్టడం

ఆటల భాషలో ఎక్స్‌పాన్షన్ అంటే ఉన్న ప్రపంచానికి కొత్త నేల, కొత్త మనుషులు, కొత్త కథ జోడించడం. ఇంటికి కొత్త గది కట్టడం లాంటిది. గోడలు కలవాలి, గాలి ఆడాలి, పాత ఇల్లు కూలకూడదు. ఈ పని మనకు కొత్తది కాదు.

నల్లమలలో జరిగింది చూడండి. పురాణంలో నరసింహుడు స్తంభంలోంచి వచ్చాడు, హిరణ్యకశిపుణ్ని చీల్చాడు, ప్రహ్లాదుడి స్తుతికి శాంతించాడు. కథ అక్కడితో ముగిసింది. కానీ అడవివాళ్లు దానికి తమ భాగం కలిపారు. ఉగ్రం పూర్తిగా చల్లారని స్వామి నల్లమలలో తిరుగుతూ చెంచుపిల్లను చూశాడు, మనసుపడ్డాడు, తేనె తీయమంటే తీశాడు, దుంపలు తవ్వమంటే తవ్వాడు, పెళ్లాడాడు. అప్పటినుంచి ఆయన చెంచుల ఇంటి అల్లుడు. అహోబిలంలో సంక్రాంతి తర్వాత పారువేటకు స్వామి ఊరూరా తిరగడం ఈ చుట్టరికానికి కొనసాగింపే. నాగర్‌కర్నూల్ జిల్లా సింగోటం జాతరలో అదే స్వామిని కొల్లాపూర్ వైపు జనం సంక్రాంతికి కొలుచుకుంటారు. అడవివాళ్లు కలిపిన ఆ భాగం నిలిచింది. ఎందుకంటే అది పాత కథలో మిగిలిపోయిన ప్రశ్నకు జవాబు. అంత కోపం ఎక్కడికి పోయింది? ఒక ఆడపిల్ల చల్లార్చింది.

చదువుకునే కథల్లోనూ ఇంతే. బేతాళ కథలు సంస్కృతంలో పాతికే. చందమామ వాటిని ఆపలేదు. పాతిక అయిపోయాక కూడా విక్రమార్కుడు పట్టు వదలకుండా చెట్టెక్కుతూనే ఉన్నాడు, దశాబ్దాల పాటు నెలనెలా కొత్త కథ, కొత్త ప్రశ్న. మనవాళ్లు ఆనందంగా ఒప్పుకున్నారు. శవం, చెట్టు, భుజం, ప్రశ్న, మౌనభంగం. ఈ ఐదూ చెక్కుచెదరలేదు కాబట్టి లోపల ఏ కొత్త కథ పెట్టినా చెల్లింది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల కట్టడం కూడా అదే. కాశీకి పోయే దారిలో మజిలీకొక కథ, దారి సాగినంతసేపూ కథ సాగుతుంది.

కొత్త గది ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు కూలుతుందో మన కథల్ని చూసినా తెలుస్తుంది, ఆటల చరిత్ర చూసినా తెలుస్తుంది.

మూడు నిమిషాల్లో 982 ప్రాణాలు

ఆన్‌లైన్ కాల్పనిక ఆటలన్నిటికీ పెద్దన్న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాలోని బ్లిజర్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసింది. 2010 నాటికి చందా కట్టి ఆడేవారు కోటీ ఇరవై లక్షలు. ఆ ఏడాది డిసెంబరులో కాటక్లిజమ్ అనే కొత్త భాగం వచ్చింది. ఒక మహానాగం భూమిని చీల్చుకు లేస్తుంది. ఆటగాళ్లు ఆరేళ్లుగా తిరిగిన ఊళ్లు, దారులు, వాగులు ఒక్క రాత్రిలో మారిపోయాయి. శ్రీశైలం ప్రాజెక్టులో ఊళ్లు పోయిన కుటుంబాలు మన మూడు జిల్లాల్లో ఎన్ని! నీళ్లు తగ్గినప్పుడు తేలే గుడి గోడ చూసి పెద్దవాళ్లు ఎందుకు మౌనంగా నిలబడతారో తెలిసినవాళ్లకు ఆ ఆటగాళ్ల దిగులు అర్థమవుతుంది. నిజమైన ఊరు పోవడానికీ, ఆటలో ఊరు పోవడానికీ పోలికే లేదు. అయినా తిరిగిన దారి మీద మనిషికి మమకారం పుడుతుంది.

పాత ప్రపంచం కావాలన్నవాళ్లు ఊరుకోలేదు. నోస్టల్‌రియస్ పేరుతో కొందరు స్వచ్ఛందంగా పాత ఆటను పాత రూపంలోనే నడిపారు. 2016 ఏప్రిల్‌లో బ్లిజర్డ్ దాన్ని మూయించింది. అప్పుడు రెండు లక్షలకు పైగా ఆటగాళ్లు సంతకాలు చేసి విన్నపం పెట్టారు. చివరికి సంస్థే దిగొచ్చి 2019 ఆగస్టులో పాత ఆటను క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిచింది. అవ్వ కట్టె పోటుకు మేళం పెద్ద మళ్లీ రంగు పూసుకోవడం వంటిదే.

అదే ఆటలో 2018లో ఇంకో ఘట్టం వచ్చింది. టెల్డ్రాసిల్ అనే మహావృక్షం, దాని కొమ్మల మీద ఒక నగరం. శత్రుపక్షపు రాణి దానికి నిప్పు పెట్టిస్తుంది. ఆటగాడికి అప్పగించిన పని ఏమిటంటే, మూడు నిమిషాల్లో 982 మందిని కాపాడటం. ఎంత వేగంగా పరుగెత్తినా పదుల్లోనే బయటపడతారు. లెక్క పూర్తి కాదు, పూర్తి కావొద్దనే అలా రాశారు. పొగలో తడుముకుంటూ ఒకర్ని పట్టుకునేలోపు పక్కవాళ్లు పోతారు. కాపాడలేనితనం ఎలా ఉంటుందో చేతివేళ్లకు తెలిసేలా చెప్పిన కథ అది. చెట్టును కాల్చిన పక్షం తరఫున ఏళ్లుగా ఆడినవాళ్లు చాలామంది తలదించుకున్నారు. తమ రాణి ఇలాంటిది ఎందుకైందని నిలదీశారు. మేము ఇందుకోసమా ఈ జెండా పట్టింది అని అడగడం చిన్న ప్రశ్న కాదు. భారతం వింటూ కర్ణుడి పక్షాన కన్నీరు పెట్టి, సభాపర్వంలో కర్ణుడి మాటలకు తలవంచుకునే శ్రోత పడే బాధ అదే.

జపానులో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ కథ మరో రకం. 2010 సెప్టెంబరులో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 14 ఆటగాళ్లకు నచ్చలేదు. పగ్గాలు అందుకున్న నవోకి యోషిదా అతుకులతోనే సరిపెట్టలేదు. ఆకాశంలో ఒక ఎర్ర చందమామను నెలల తరబడి కిందికి దించుతూ వచ్చి, 2012 నవంబరులో దాన్ని నేల మీద పడేసి ఆ ప్రపంచాన్నే ముగించాడు. 2013 ఆగస్టులో అదే ప్రపంచాన్ని, ఆ విధ్వంసం తర్వాతి కాలంగా, కొత్తగా నిలబెట్టాడు. ఆట చెడిపోయిందన్న సంగతిని కూడా కథలో భాగం చేశాడు. ఆటగాళ్లు నమ్మారు. 2021 డిసెంబరులో ఎండ్‌వాకర్ భాగం వచ్చేసరికి జనం పోటెత్తి, గంటల తరబడి వరుసల్లో వేచి ఉండాల్సి వచ్చింది. సంస్థ కొన్ని వారాలు అమ్మకాలే ఆపేసింది.

అంత నమ్మకం ఉన్నచోటా పేచీ తప్పలేదు. 2024 జులైలో డాన్‌ట్రెయిల్ వచ్చింది. కథంతా ఒక కొత్త రాకుమార్తె చుట్టూ తిరుగుతుంది, ఆటగాడు ఆమె వెంట నడిచే తోడుగా మిగులుతాడు. మాకు చోటేదీ అని చాలామంది అలిగారు. ఒకరి ఎదుగుదలను పక్కనుండి చూడటమూ అందమేనని మరికొందరు వాదించారు. రెండు పక్షాలూ కథను ప్రేమించినవాళ్లే. ప్రేమ లేనివాడు వాదించడు, మానేసి వెళ్లిపోతాడు.

జాతక కథ షాంఘై పోయి వచ్చింది

మళ్లీ సుమేరుకొద్దాం. రుక్ఖదేవత అన్న పేరు వినగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. పాళీ భాషలో రుక్ఖ అంటే వృక్షం. బుద్ధుడి పూర్వజన్మల జాతక కథల్లో రుక్ఖదేవతలు మాటిమాటికీ కనిపిస్తారు. కుసనాలి అన్నది ఏకంగా ఒక జాతక కథ పేరు. అందులో బోధిసత్వుడు రాజోద్యానంలో ఒక కుశగడ్డి దుబ్బులో దేవతగా ఉంటాడు. పక్కనే మహావృక్షం, అందులో వృక్షదేవత. రాజమందిరం స్తంభానికి వడ్రంగులు ఆ చెట్టును నరకబోతే, పెద్ద పెద్ద దేవతలు చేతులెత్తేస్తే, గడ్డిదుబ్బు దేవత ఊసరవెల్లి రూపం దాల్చి చెట్టు మొదలంతా తొర్రలున్నట్టు కనిపించేలా చేస్తాడు. చెట్టు పనికిరాదని వడ్రంగులు వెళ్లిపోతారు. స్నేహానికి చిన్నా పెద్దా లేదని ఆ కథ సారం.

మన కృష్ణమ్మ ఒడ్డునే దిగువన నాగార్జునకొండలో బౌద్ధం వెలిగింది. ఆ వెలుగు దేశాలు దాటింది. ఆ కథలోని గడ్డిపరకా మహావృక్షమూ శతాబ్దాల తర్వాత షాంఘైలో ఒక ఆటగా మారి, జీబీన్నర డేటాలో వనపర్తి వరండాకు తిరిగొచ్చాయి. అదే సుమేరులో ఆరణ్యక అనే పెద్ద ఉపకథ ఉంది. అందులో వరుణగాథ, అగ్నిహోత్ర సూత్ర, విమాన ఆగమ అన్న భాగాలున్నాయి. పిల్లలకు మాత్రమే కనిపించే అడవి జీవులు, పెద్దలైతే మరిచిపోయే పాటలు. ఇంటర్ చదివే కుర్రాడు ఆరణ్యకం అంటే ఏమిటి మామా అని నన్నడిగాడు. ఏ పరీక్ష కోసమూ కాదు, కథ కోసం.

ఇక్కడే ఇంకో పేచీ పుట్టింది. 2022లో సుమేరు పాత్రల బొమ్మలు బయటికొచ్చినప్పుడు దక్షిణాసియా, పశ్చిమాసియా ఆటగాళ్లు చాలామంది ఒక మాటడిగారు. పేర్లు మావి, సంగీతం మాది, ముఖాలెందుకు దాదాపు అన్నీ తెల్లగా ఉన్నాయి? 2024లో ఆఫ్రికా, లాటిన్ అమెరికా సంస్కృతుల ఛాయతో నాట్లాన్ వచ్చినప్పుడు ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపించింది. గొంతునిచ్చిన కళాకారుల్లోనూ కొందరు నోరు విప్పారు. ఇది న్యాయమైన ప్రశ్న. ఎవరి కథ తీసుకున్నారో వాళ్లు అందులో తమ ముఖం వెతుక్కుంటారు. ఎండలో నల్లబడ్డ నడిగడ్డ పిల్లవాడు అడవిదేవత ఊరిలో తనలాంటివాడు ఒక్కడైనా ఉండాలనుకోవడం అత్యాశ కాదు, హక్కు.

ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో మన నేలకు తెలుసు. తెలంగాణలో కవులు పూజ్యమని ఒక పండితుడు రాస్తే, నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి మాటకు మాట విసిరి ఊరుకోలేదు. ఊరూరికీ కబురు పెట్టి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశాడు. 354 మంది కవులు. 1952లో అదే ప్రతాపరెడ్డిని వనపర్తి జనం శాసనసభకు పంపారు. రాజుల, రాజ్యాల చరిత్ర కన్నా జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నదే చరిత్ర అని ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినవాడాయన. నేడు ఉండి ఉంటే ఈ పిల్లల ఆటలకూ ఒక అధ్యాయం ఇచ్చేవాడని నా నమ్మకం.

చెరిపినా చెరగనిది

సుమేరు కథకు తర్వాతి భాగం ఆ డిసెంబరులో వచ్చింది. మేనల్లుడు ఆ రాత్రి హైదరాబాద్‌కు నాకు ఫోన్ చేశాడు. గొంతులో ఉద్వేగం. ఈసారి ఇంకొకడు మహావృక్షంలోకి దూకి తన ఉనికిని తానే చెరిపేసుకుంటాడు. రాతలన్నీ మారిపోతాయి. కానీ చిన్న దేవత ముందే జాగ్రత్తపడింది. అతని జీవితాన్ని జంతువుల పేర్లతో ఒక పిల్లల కథగా రాసి దాచింది. చెట్టు చరిత్రను మార్చగలిగింది గానీ కథను గుర్తుపట్టలేకపోయింది. ఆ పిల్లల కథ చదివే ఆమె మళ్లీ నిజం తెలుసుకుంది.

“సమజైందా మామా? పుస్తకాలల్ల మారింది. కథల మారలే.”

నాకు సమజైంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసులకుంటకు చెందిన దర్శనం మొగులయ్య గుర్తొచ్చాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, తేనెమైనంతో అతికించిన మెట్లు, నెమలి ఈకలు. అడవి ఇచ్చిన వస్తువులతో కట్టిన వాయిద్యమది. దాని మీద ఆయన పాడే కథల్లో పండుగ సాయన్న ఉన్నాడు, మియాసాబ్ ఉన్నాడు. ఉన్నవాడి దగ్గర గుంజి లేనివాడికి పంచిన సాయన్న సర్కారు కాగితాల్లో దొంగ కావచ్చు. కిన్నెర మీద మాత్రం వీరుడు. కాగితం ఏం రాసినా జనం పాడుకున్నది మిగిలింది. రాతల్లో చెరిపేసిన మనిషిని కథలో దాచడం షాంఘై రచయితలకు ఇప్పుడు తట్టింది. నల్లమల అంచు పల్లెలు ఆ పని తరతరాలుగా చేస్తున్నాయి.

నడిగడ్డలో గద్వాల కోట కట్టిన సోమనాద్రి కథ చెప్పుకుంటారు. రాజు గుర్రాన్ని శత్రువులు ఎత్తుకుపోతే, నమ్మినబంటు ఒకడు వాళ్ల లాయంలో గడ్డి కింద దాక్కున్నాడట. గుర్రాన్ని కట్టే గూటం అతని అరచేతిలోంచి దిగబడింది. కిక్కురుమనలేదు. రాత్రి ఆ చేతిని నరుక్కుని గుర్రంతో తిరిగొచ్చాడట. ఈ ఒక్క రాత్రి చాలు ఒక ఆటకు. గడ్డి కింద ఊపిరి బిగబట్టడం, అడుగుల చప్పుడు, చేతిలో నొప్పి, చీకట్లో గుర్రం తనవాణ్ని వాసన పట్టడం. సోమశిల దగ్గర కృష్ణ మలుపులు, అలంపురంలో జోగులాంబ గుడి గోపురాలు, అమ్రాబాద్ అడవి. ఏ కాల్పనిక దేశపు పటానికి తీసిపోతాయి? వనపర్తి సంస్థానం ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. ఆ రాజమందిరం గదుల్లో కూర్చుని కంప్యూటర్ నేర్చుకునే పిల్లల్లో ఒకరిద్దరైనా ఈ పని తలకెత్తుకోవాలి. రాసేవాళ్లు, బొమ్మ గీసేవాళ్లు, కిన్నెర పట్టేవాళ్లు, పాలమూరు యాసలో గొంతునిచ్చేవాళ్లు ఒక్కచోట చేరాలి. కవుల సంచికకు ఊరూరి నుంచీ పద్యాలు వచ్చినట్టే.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆటలన్నీ ఒకటి కావు. డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలు ఇళ్లు కూల్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం వాటిని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం గుర్తింపునిచ్చింది. నేను చెబుతున్న కథల ఆటలు పందేలు కావు. అయినా వీటిలోనూ ఒక గోతి ఉంది. గెన్షిన్‌లో కొత్త పాత్రలు చాలావరకు లాటరీ చీటీ తీసినట్టు దొరుకుతాయి. అరుదైన పాత్ర తొంభై చీటీల్లోపు ఒకటి తప్పక వస్తుంది కానీ, కోరుకున్నదే రావాలని లేదు. ఉచితంగా వచ్చే చీటీలతో ఓపిక పట్టేవాళ్లున్నారు, డబ్బు పోసేవాళ్లున్నారు. అందుకే ఫోన్‌కు డబ్బుల యాప్ కలిపి పిల్లల చేతికివ్వకండి. నిద్ర, చదువు, కంటిచూపు లెక్క పెద్దవాళ్లే చూసుకోవాలి.

దానితోపాటు ఇంకో పని చేయండి. రాత్రి అన్నం దగ్గర, ఏం జరిగిందిరా కథలో అని అడగండి. మా అక్క మొదట్లో ఆ ఫోన్‌ను బావిలో పడేస్తానన్నది. ఒకరోజు ఊరికే పక్కన కూర్చుని విన్నది. ఇప్పుడు ఆమెకు ఏ దేవత మంచిదో, ఏ పండితుడు మోసగాడో తెలుసు. వాదిస్తుంది కూడా. కొడుకు చదువు కోసం దూరం పోయాక కూడా తల్లీకొడుకుల ఫోన్ మాటల్లో తిన్నావా తర్వాత వచ్చే రెండో ప్రశ్న కథ గురించే.

నోటుబుక్కు

మేనకోడలు ఇప్పుడు పదో తరగతి. మొన్న వెళ్లినప్పుడు ఆ పాత రఫ్ నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. అట్ట ఊడింది. ముందు పేజీల్లో భిన్నాలు, గుణకారాలు. మధ్యలో, 2022 నవంబరు నాటి నీలం సిరాతో, వంకర గీతల మీద ఒక కథ. ఆట పేరు లేదు. దేవతల పేర్లు లేవు. రుక్ఖ అంటే చెట్టని, కుశ అంటే గడ్డి అని అన్న చెప్పినట్టున్నాడు. అంతే తీసుకుంది. అనగనగా ఒక పెద్ద చెట్టు, దాని మొదట్లో చిన్న గడ్డిపరక. చెట్టుకు రోగమొచ్చింది. నన్ను మరిచిపోండని చెట్టు అందరినీ అడిగింది. పిట్టలు మరిచిపోయాయి, పశువులు మరిచిపోయాయి, ఊరు మరిచిపోయింది.

ఆట రాసినవాళ్లు చిన్న దేవతను కూడా మరిచిపోయేలా చేశారు. వనపర్తిలో ఏడో తరగతి పిల్ల అందుకు ఒప్పుకోలేదు. చివరి వాక్యం పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

గడ్డిపరక మాత్రం మరువలే.